గూనికొండ వయసు పత్రం

మనుషుల వయసు చెప్పడానికి పంచాయతీ ఆఫీసుంది, పశువుల వయసు చెప్పడానికి వాటి పళ్ళున్నాయి, కొండల వయసు చెప్పే దిక్కు మాత్రం లేకపోయెనే అని ప్రభుత్వం వారు ఒకనాడు బెంగపెట్టుకుని, రాష్ట్ర శిలావయో నిర్ధారణ సంస్థను స్థాపించారు. సముద్రపు గాలికి పెచ్చులూడుతున్న రెండంతస్తుల మేడ అది. లోపల కుర్చీలు ఎక్కువ, కూర్చునేవాళ్ళు అంతకంటే ఎక్కువ, పని తెలిసినవాళ్ళు ఒక్కరు. ఆ ఒక్కరూ డాక్టర్ రౌతు హైమావతి.

ఆవిడ పని వింటే నవ్వొస్తుంది గాని, చేస్తే నడుం పడిపోతుంది. కొండరాయిని దంచి, జల్లించి, కడిగితే అడుగున ఇసుకరేణువులంతేసి గింజలు కొన్ని మిగులుతాయి. వాటిని జిర్కాన్ స్ఫటికాలంటారు. వాటిలో పిసరంత యురేనియం ఉంటుంది. అది ఊరికే కూర్చునే రకం కాదు. నిత్యం ఏవో కణాలు ఉమ్ముతూ, తానున్న ఇంటి గోడల్నే గుద్దుతూ ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఓ పరమాణువు నిలువునా రెండుగా పగిలి, ముక్కలు చెరోవైపూ దూసుకుపోయి, గింజలో ఒక గీత మిగులుస్తాయి. ఆ గీతల్ని లెక్కపెట్టి, యురేనియం ఎంతుందో కొలిచి చూస్తే, కొండ చల్లారి ఎంత కాలమైందో తేలుతుంది.

గీత ఊరికే కనబడదు. గింజను నునుపు చేసి, కరిగిన క్షారంలో ఉడికిస్తే, దెబ్బతిన్న చోట క్షారం ముందుగా కొరుక్కుతింటుంది. అప్పుడు గీత బయటపడుతుంది. ఇక్కడే ఉంది అసలు చిక్కు. యురేనియం చేత బాగా గుద్దులు తిన్న గింజ ఇట్టే ఉడికిపోతుంది. ఇంకాసేపు ఉంచామా, గుజ్జయి చేతికి రాదు. గుద్దులు తినని గింజ ఎంతసేపటికీ మెత్తబడదు. పెసరపప్పూ శనగలూ ఒకే గిన్నెలో పడేస్తే ఏమవుతుందో వంటచేసే వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఏ గింజకు ఎంత దెబ్బ తగిలిందో పోల్చుకుని, దానికి తగినంతసేపు ఉడకనివ్వడంలోనే హైమావతి తల నెరిసిపోయింది.

ఇలా ఉండగా ప్రభుత్వం వారు ఓ చట్టం చేశారు. పది కోట్ల ఏళ్ళు దాటిన కొండలు ‘పూజ్య వృద్ధ శిలలు’ అట. వాటి మీద గునపం పడరాదట. చట్టం బంగారంలాంటిది. దాన్ని నమ్ముకునే ఊటవలస సర్పంచ్ లెంక సన్యాసమ్మ ఓ ఉదయం బుట్టెడు రాళ్ళు నెత్తినెట్టుకుని సంస్థ మెట్లెక్కింది.

“రాళ్ళకీ టిక్కెట్టు కొట్టీసినాడమ్మా ఆ కండట్రు! మా గూనికొండ రాళ్ళివి. గవరయ్యని ఓ కాంట్రాట్రున్నాడు, కొండని కొట్టి కంకర సేసీస్తానంతన్నాడు. దాని నడుంకాడ ఊటుంది తల్లీ. ఎండాకాలం బావులన్నీ ఎండిపోయినా అది ఆరదు. కొండ పోతే ఊట పోద్ది, ఊట పోతే మా ఊరు లెగిసిపోద్ది. మా కొండ బాగా ముసిల్దని ఓ కాయితం మీద రాసిచ్చీ, సాలు.”

“రాస్తానమ్మా. కాకపోతే నా అంతట నేను రాయకూడదు. గింజలు ఏం చెబితే అదే రాయాలి.”

“అడుగు మరి. అవేటి, అబద్దాలాడతాయా?”

గింజలు అబద్ధాలాడవు. ఆడించగల సమర్థులు మాత్రం ఆ వారమే బదిలీ మీద వచ్చి దిగారు.

కొత్త డైరెక్టరు చిదంబరేశ్వరరావు గారు అంతకు ముందు కోడిగుడ్ల పంపిణీ సంస్థకు అధిపతి. లారీల్లో గుడ్లు పగిలిపోతున్నాయని అక్కడ ఏటా గొడవే. ఈయన అడుగుపెట్టాక ఒక్క గుడ్డు పగిలితే ఒట్టు. బయల్దేరే ముందే అన్నింటినీ గట్టిగా ఉడకబెట్టించేవారు. వాటిలో సగం పొదిగించడానికి ఫారాలకు వెళ్ళే గుడ్లు. పాపం, కోళ్ళు ఓపికున్నంత కాలం వాటి మీద కూర్చున్నాయి. పిల్లలు రాకపోవడం వేరే శాఖ సమస్య కాబట్టి, ఈయనకు ప్రశంసాపత్రమూ పదోన్నతీ వచ్చాయి.

ఆయన కుర్చీ ఇంకా వెచ్చబడకుండానే ఆడిటరు దిగాడు. హైమావతి రాసుకున్న నివేదికలన్నీ తిరగేసి, ప్రతి గింజ పక్కనా ‘రేడియేషన్ వల్ల కలిగిన నష్టం’ అని ఉండడం చూసి గుడ్లు తేలేశాడు. వెంటనే ఓ అభ్యంతరం రాసి పారేశాడు. “సంస్థ వారు దెబ్బతిన్న సరుకును తెలిసి తెలిసి స్వీకరించుటయే గాక, ఎక్కువ దెబ్బతిన్న సరుకును ఎక్కువ ప్రాచీనమైనదిగా గౌరవించుట కూడా గమనించడమైనది. స్టాకు యావత్తూ నష్టపూరితముగా నున్నది. బాధ్యులను గుర్తించి, నష్టమును పూడ్చి, సంజాయిషీ సమర్పించవలెను.”

డైరెక్టరు గారు హైమావతిని పిలిపించారు.

“కూర్చోండమ్మా. ఈ నష్టానికి బాధ్యులెవరు?”

“యురేనియం అండి.”

“ఏ సెక్షను?”

“మనిషి కాదు సార్. గింజ లోపల ఉండే పదార్థం. అది పగలడం వల్లే...”

“లోపలిదే కదా! నేను ముందే అనుకున్నాను. లోపలివాళ్ళ ప్రమేయం లేకుండా స్టోర్సులో ఇంత నష్టం జరగదు. ఇది నా సర్వీసులో నేర్చుకున్న సత్యం. ఎప్పటినుంచి జరుగుతోంది?”

“కోట్ల ఏళ్ళనుంచి సార్.”

డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “కోట్ల ఏళ్ళనుంచి జరుగుతుంటే ఇంతవరకు ఒక్కరైనా పైకి రిపోర్టు చెయ్యలేదా!”

హైమావతికి తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు. “సార్, అది పోగొట్టాల్సిన నష్టం కాదండి. ఆ దెబ్బలే మనకు గడియారం. దెబ్బల్ని బట్టే కదా వయసు చెబుతున్నాం.”

“హైమావతి గారూ, నష్టాన్ని లెక్కపెట్టుకుంటూ కూర్చోవడమా మన పని? నివారించడమా?”

“లెక్కపెట్టడమేనండి.”

“ఇదీ మీ దృక్పథంలో లోపం” అన్నారాయన జాలిగా.

మర్నాటికి సంస్థ ముందు బ్యానరు కట్టారు. ‘నష్టరహిత సంవత్సరం’. ఉద్యోగులంతా ఎండలో నిలబడి, స్ఫటికములకు మనసా వాచా కర్మణా ఎటువంటి నష్టమూ కలుగనీయబోమని ప్రతిజ్ఞ చేశారు. పావురాన్ని ఎగరవెయ్యాలనుకున్నారు గాని, అది గూట్లోంచి రానని మొరాయించింది. ఆ తరువాత మొదటి సర్క్యులరు వచ్చింది.

“క్షారస్నానమున కొన్ని స్ఫటికములకు తక్కువ సమయమును, మరికొన్నింటికి ఎక్కువ సమయమును కేటాయించుట సమానత్వ సూత్రమునకు విరుద్ధము. ఇకమీదట సర్వ స్ఫటికములను ఒకే వేళకు లోనికి పంపి, ఒకే వేళకు వెలికి తీయవలెను.”

గూనికొండ గింజలు నాలుగింటిని అప్పటికే విడివిడిగా ఉడికించి వయసు చూసుకున్న హైమావతి, పత్రానికి ఇంకా బోలెడు కావాలి కాబట్టి, వెళ్ళి పప్పుల పోలిక చెప్పి చూసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సరే కానిమ్మని ఉడికించింది. ఎక్కువ దెబ్బలున్న గింజలు జావయిపోయాయి. తక్కువ దెబ్బలున్నవి వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. జావను చూసి డైరెక్టరు గారు తల పంకించారు.

“చూశారా? దెబ్బతిన్న సరుకు మోసం చేస్తుందని నేనందుకే అన్నాను. ముందు మరమ్మతు చెయ్యాలి, ఆ తరువాతే వయసు. అన్నట్టు, వేడి చేస్తే ఈ దెబ్బలు మానతాయట కదా?”

హైమావతి అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. ఆ క్షణాన చేతనైతే ఎంత బాగుండేది! “మానతాయి సార్. బాగా ఎర్రగా కాగే కొలిమిలో పెడితే గీతలన్నీ మూసుకుపోతాయి. కానీ...”

“కానీ అన్న మాటకు నోటుఫైలులో చోటు లేదమ్మా” అంటూ ఆయన అప్పటికే సంతకం పెడుతున్నారు.

పోనీ ఊటవలస రాళ్ళొక్కటే అయితే వేరు. ఆడిటరు ‘స్టాకు యావత్తూ’ అన్నాడు కాబట్టి బీరువాలన్నీ తెరిచారు. హైమావతి ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఏ కొండెక్కినా, ఏ ఏటి ఒడ్డున దిగినా పోగుచేసుకొచ్చిన గింజలవి. కొన్ని కొండలు ఇప్పుడు లేవు, రోడ్లయిపోయాయి. వాటి గింజలు మాత్రం ఆ బీరువాల్లో ఉన్నాయి. ఆవిడ బీరువాకు అడ్డంగా నిలబడింది. “సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇవి వద్దు. ఒకసారి వేడి చేస్తే మళ్ళీ ఏం చేసినా రావు.”

“తిరిగి రాకూడదనే కదమ్మా చేస్తున్నది!” అన్నారు డైరెక్టరు గారు ఉత్సాహంగా.

గింజలు కొలిమిలోకి వెళ్ళాయి. హైమావతి ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు తీరకుండానే కొలిమి చల్లారింది.

బయటికొచ్చిన గింజలు ఎంత ముద్దుగా ఉన్నాయో చెప్పలేం. గోధుమరంగుకు తిరిగినవన్నీ తెల్లబడి తళతళలాడుతున్నాయి. మైక్రోస్కోపు కింద పెడితే ఒక్క గీత లేదు. ఎంత వెతికినా లేదు. గీతలు సున్న అయితే వయసూ సున్నే. ఆడిటరు వచ్చి చూసి, అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడు. గూనికొండకు సంస్థ వారి ధ్రువపత్రం తయారైంది. “వయస్సు: సున్న. స్థితి: ఎటువంటి నష్టమూ లేదు.” హైమావతి సంతకం పెట్టనంది. సంతకం కోసం పని ఆగిపోయే సంస్థ కాదది. డైరెక్టరు గారే పెట్టేశారు. అంతటితో ఆగకుండా, మరమ్మతు కాని స్ఫటికములను బట్టి వయసు చెప్పుట, రాయుట, సూచనప్రాయంగా తెలుపుట కూడా నేరమని ఇంకో సర్క్యులరు తీశారు.

పత్రం అందిన మూడోనాటికల్లా సన్యాసమ్మ ఊడిపడింది. ఈసారి బుట్ట లేదు, చేతిలో కాగితం, కళ్ళల్లో నిప్పులు.

“ఏటమ్మా ఇది? మా కొండ ఈయేడు పుట్టిందా? మా అత్త దానిమీద మేకలు కాసింది, మరదెక్కడ కాసినట్టు, గాల్లోనా?”

హైమావతి తలెత్తలేకపోయింది. జరిగిందంతా చెప్పింది. దెబ్బలే వయసని, కొలిమి దెబ్బల్ని మాన్పేసిందని, మానిన గింజ నిన్న పుట్టినదానితో సమానమని చెప్పింది. “నన్ను నమ్ముకుని వచ్చావు సన్యాసమ్మా. నేనే మానతాయని నోరు జారాను. నాకు సిగ్గుగా ఉంది.”

సన్యాసమ్మ కోపం కొంచెం దిగింది. “దెబ్బలు మాన్పీస్తే వయసెళ్ళిపోద్దా? అలగయితే నన్ను కూడా పెట్టీయండమ్మా ఆ కొలిమిలో, మోకాళ్ళ నొప్పులైనా పోతాయి. ఇంతకీ మరేటి సేత్తాం? గవరయ్య అప్పుడే మిసన్లు దింపీసినాడు.”

ఏం చెయ్యాలో హైమావతికి తెలియలేదు. తెలియదనే చెప్పింది.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మన ఆఫీసుల్లో అలాంటివాళ్ళు ఒకరిద్దరు కాదు. శిలావయో సంస్థ కాగితం ప్రకారం గూనికొండ ఈ ఏడే పుట్టింది కాబట్టి, అంతకు ముందు అక్కడ కొండ లేనట్టే లెక్క. లేని చోట కొండ లేచిందంటే, అనుమతి లేకుండా లేచినట్టే. తహశీల్దారు గారు నోటీసు రాయించారు. “ప్రభుత్వ భూమిలో ముందస్తు అనుమతి లేకుండా ఇంత ఎత్తున ఎందుకు లేచితివో వారములోగా తెలుపవలెను. లేనిచో అక్రమ నిర్మాణముగా భావించబడును.” మనుషులొచ్చి దాన్ని కొండకు జిగురుతో అంటించి, సాక్షి సంతకం కోసం మేకలు కాసేవాడి వేలిముద్ర తీసుకుని వెళ్ళారు. కొండ జవాబివ్వలేదు. నోటీసును మేక తినేసింది.

అంతలో పంచాయతీ కార్యదర్శికి భయం పట్టుకుంది. తన పరిధిలో ఇంత పెద్ద జననం జరిగితే, రిజిస్టరులో ఎక్కించకపోతే తన ఉద్యోగానికే ఎసరు. పరుగున సన్యాసమ్మ ఇంటికొచ్చాడు.

“సర్పంచ్ గారూ, మీరు కాస్త సంతకం పెట్టాలి. తల్లి పేరు భూదేవి అని రాశాను. తండ్రి పేరు దగ్గర ఖాళీ వదిలేశాను. బరువు తూచడానికి కాటా చాలదని కింద వివరణ కూడా రాశాను.”

“ఆడపిల్లా, మగపిల్లోడా?”

“అది మీరే చెప్పాలి.”

“ఊరందరికీ నీల్లిస్తంది, నోరెత్తి ఓ మాట అనదు. ఆడపిల్లని రాసుకో” అంది సన్యాసమ్మ. సంతకం పెడుతూ పెడుతూ ఆగిపోయింది. కార్యదర్శి మొహంలోకి చూసింది. కాగితం కేసి చూసింది. మెల్లగా నవ్వడం మొదలెట్టింది. కార్యదర్శికి ఎందుకో అర్థం కాలేదు. భయపడి ఆయనా నవ్వాడు.

ఆర్డీవో గారి దగ్గర విచారణ రోజు గవరయ్య ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. కొండ కింద అతని యంత్రాలు నూనె పోసుకుని సిద్ధంగా ఉన్నాయి. హైమావతిని సాంకేతిక సలహాకని పిలిచారు, ఓ మూల కూర్చోబెట్టారు. ఆర్డీవో గారు గొంతు సవరించుకున్నారు.

“సదరు కొండ వృద్ధ శిల కానందున, దానికి రక్షణ వర్తించదని ప్రాథమికంగా భావిస్తున్నాం. గ్రామం తరఫున చెప్పుకోవలసిందేమైనా ఉంటే క్లుప్తంగా చెప్పుకోవచ్చు.”

సన్యాసమ్మ లేచింది. “సెప్పుకోడానికేటుంది బాబూ, నాకు సదువు లేదు. ఓ సంగతి అడుగుతాను. మైనరు ఆస్తి కౌలుకివ్వొచ్చా?”

“న్యాయస్థానం అనుమతి లేనిదే కుదరదు.”

“మైనరుని పనిలోకి దింపొచ్చా?”

“తీవ్రమైన నేరం.”

“మరి మా కొండ నెలల పిల్ల కదా బాబూ. ఇదిగో ఆళ్ళ సంస్త కాయితం, ఇదిగో పంచాయితీలో పుట్టిన కాయితం. తండ్రి లేని బిడ్డ. ఇంకా అన్నప్రాసనైనా అవని పిల్లని పట్టుకుని, ఈ గవరయ్య బాబు మిసను పెట్టి పొడిసీసి, ముక్కలు సేసి లారీల్లో అమ్మీస్తానంతన్నాడు. ఇదేటి నాయం?”

హైమావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గవరయ్య లేచి, “అది కొండండీ!” అన్నాడు.

“కొండైనంత మాత్రాన వయసుండదా?” అన్నారు ఆర్డీవో గారు చిరాకుగా. “ప్రభుత్వ సంస్థ ఇచ్చిన ధ్రువపత్రాన్ని మీరు ప్రశ్నిస్తున్నారా?” ఆ పత్రం తెచ్చి ఫైలులో పెట్టింది గవరయ్యే. పాపం, అతనికి మింగలేక కక్కలేక అయింది. ఉత్తర్వు అక్కడికక్కడే వెలువడింది. గూనికొండ మైనరు. మేజరయ్యేవరకు సర్పంచ్ లెంక సన్యాసమ్మ సంరక్షకురాలు. అంతవరకు దానిని ఎవరూ గిల్లరాదు.

సాయంత్రానికల్లా గవరయ్య సంస్థలో ప్రత్యక్షమయ్యాడు. హైమావతి బల్ల ముందు చతికిలబడ్డాడు.

“మేడంగారూ, మీకు దణ్ణం పెడతాను. నిజం చెప్పండి. నాకు నిజమే కావాలి!”

“నిజం చెబితే పది కోట్లు దాటుతుంది గవరయ్య గారూ. అప్పుడది పూజ్య వృద్ధ శిల.”

“అయితే నిజం వద్దు” అన్నాడతను వెంటనే. “పద్దెనిమిది నిండాలి, పది కోట్లు నిండకూడదు. ఆ మధ్యలో ఎంతైనా సరే, నేను పేచీ పెట్టను. పెళ్ళీడు కొండ ఒక్కటి చూసిపెట్టండి తల్లీ!”

హైమావతి కుదరదంది. డైరెక్టరు గారికి మాత్రం అది వినగానే మొహం చేటంత అయింది. “కొలిమికి మీట ఉంది కదమ్మా! మంట సగానికి తగ్గిస్తే నష్టం సగం మిగులుతుంది. వయసూ సగం మిగులుతుంది. దరఖాస్తుదారు కోరిన వయసు దరఖాస్తుదారుకు. దీనికి ‘వాంఛిత వయో పథకం’ అని పేరు పెడదాం.”

గవరయ్య గూనికొండ కింద రాలిపడ్డ రాళ్ళు కొత్తగా తెప్పించాడు. గింజలు తీశారు. ఈసారి హైమావతి ఒక్క ముక్కా ఎదురు చెప్పలేదు. చెప్పకపోవడం చూసి డైరెక్టరు గారు ఆవిడ దారికొచ్చిందనుకున్నారు. సన్నటి మంట మీద గింజలు వేగాయి. బయటికి తీసి, ఉడికించి, లెక్కపెట్టింది. లెక్క చూసి డైరెక్టరు గారు అదిరిపడ్డారు.

“ఇదేమిటి? ఈ గింజ వయసు సున్న, పక్కదానికి పది కోట్ల పైన, దీనికి లక్షలు! ఒకే కొండ కదా?”

“ఒకే కొండే సార్. కానీ ఏ గింజలో యురేనియం ఎక్కువుందో అది ఎక్కువ గుద్దులు తింది. గుద్దులు తిని బలహీనపడ్డ గింజ కొద్ది వేడికే గీతలు పోగొట్టుకుంటుంది. గట్టిగా ఉన్న గింజ ఆ మంటకు చలించదు. అందుకని ఒకే పెనం మీద ఒకటి పసిపాపయింది, ఇంకోటి తాతగానే ఉండిపోయింది.”

“సరాసరి కట్టెయ్యండి!”

“కట్టేస్తాను సార్. కాకపోతే విడివిడి అంకెలు దాచామని ఆడిటరు గారు అభ్యంతరం రాస్తారేమోనని...”

ఆడిటరు పేరు వినగానే ఆయన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. విడివిడి అంకెలే ఆర్డీవో గారికి వెళ్ళాయి. ఆ ఫైలు చదివి ఆర్డీవో గారు తలపట్టుకున్నారని వినికిడి. ఎంత పట్టుకున్నా, ఉత్తర్వు రాయకుండా ఉండే తల కాదది.

“సదరు కొండయందు బాలలును, వృద్ధులును, వయోజనులును కలిసి నివసించుచున్నట్లు తేలినది. బాలలకు మైనారిటీ రక్షణయు, వృద్ధులకు పూజ్యత్వ రక్షణయు వర్తించును. కావున గుత్తేదారు వయోజన స్ఫటికములను మాత్రమే తవ్వుకొనవచ్చును. ప్రతి స్ఫటికమునకు విడివిడిగా, దాని దాని స్థితికి తగిన సమయమిచ్చి, డాక్టర్ హైమావతి వయో నిర్ధారణ చేయవలెను. ఆ నిర్ధారణ లేకుండా యంత్రము కదలరాదు. మిగిలిన కొండ సంరక్షకురాలి అధీనముననే యుండును.”

‘దాని దాని స్థితికి తగిన సమయమిచ్చి’ అన్న చోట హైమావతి కాగితాన్ని కళ్ళకద్దుకుంది. ఒకే వేళకు లోపలికీ ఒకే వేళకు బయటికీ అన్న సర్క్యులరు ఆ ఒక్క వాక్యంతో చచ్చిపోయింది. ఎవరో ఒకరు ఆవిడ పని ఆవిడను చెయ్యనిచ్చారు. తెలిసి చేశారో తెలియక చేశారో అనవసరం.

పాత లెక్క చెల్లదు గనుక, సన్న మంట మీద వేగిన గవరయ్య గింజలతోనే ఆవిడ మళ్ళీ మొదటినుంచి పనిలోకి దిగింది. తొందరపడలేదు. తొందరపడితే గింజ గుజ్జవుతుంది కదా! గవరయ్య రోజూ టిఫిను డబ్బాతో వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. “అమ్మా, ఎవరైనా మేజరు తేలారా?” అని కిటికీలోంచి అడిగేవాడు. “ఇది చంటిదండి” అనేది. “ఇది తాతగారండి” అనేది. అతని యంత్రాల మీద ఊటవలస పిల్లలు బట్టలారేసుకుంటున్నారు.

వానలు మొదలయ్యాక ఓనాడు నిజంగానే ఒక గింజ తేలింది. లక్షల్లో వయసు, చట్టానికి అన్ని విధాలా అనుకూలం. సంస్థ అంతా కదిలింది. డైరెక్టరు గారు చిన్న సభ పెట్టించి, దండ వేయించుకుని, గవరయ్య చేతికి ఒక కవరు అందించారు. లోపల అద్దం పలక, దానికి అంటుకుని ఆ గింజ. పక్కన ఉత్తర్వు, “సదరు స్ఫటికమును తవ్వుకొనుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది.” గవరయ్య కళ్ళు చికిలించి అద్దం పలక కేసి చాలాసేపు చూశాడు. అతనికేమీ కనబడలేదు.

“దీన్ని... తవ్వాలా అండి?”

“ఇప్పటికే వెలికితీసి ఉన్నందున మీకు శ్రమ తప్పింది” అన్నారు డైరెక్టరు గారు.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాడే నయం, వాడికి ఎలుకైనా దక్కింది. గవరయ్య ఆ కవరు జేబులో పెట్టుకుని, వానలో తడుస్తూ పోయి, యంత్రాలు లారీకెక్కించుకున్నాడు. నష్టరహిత సంవత్సరం దిగ్విజయంగా ముగిసినందుకు డైరెక్టరు గారిని పాత విగ్రహాల మ్యూజియానికి అధిపతిగా వేశారు. అక్కడ స్టాకు మరీ దెబ్బతిని ఉందట.

సెలవు చూసుకుని హైమావతి ఊటవలస వెళ్ళింది. ఆవిడ బీరువాల్లో ఇక ఒక్క నిజమైన గింజ లేదు. కొలిమి తగలని గింజలు ఏ కొండ కడుపులో ఉంటే అక్కడికే వెళ్ళి తెచ్చుకోవాలి. ముందు గూనికొండకే వచ్చింది. సన్యాసమ్మ తోడు వచ్చి, గట్టి రాయి ఉన్న చోటు చూపించింది. సుత్తి దెబ్బకు ఓ పెళ్ళ ఊడివచ్చింది. హైమావతి దాన్ని సంచిలో వేసుకుంటుంటే సన్యాసమ్మ అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగింది.

“ఇప్పుడిక్కడ మనిద్దరమే కదా. సెప్పు తల్లీ. కొలిమిలో పెట్టకముందు ఆ గింజల్ని నువ్వు సూసే ఉంటావు. నిజంగా దీని వయసెంత?”

రాసినా, చెప్పినా, సూచనగా తెలిపినా నేరమే. హైమావతి వంగి సన్యాసమ్మ చెవిలో చెప్పింది.

సన్యాసమ్మ రెండు చేతులూ బుగ్గల మీద వేసుకుంది. “ఓలమ్మో ఓలమ్మ! ఇంత పెద్ద ముసలమ్మకా నేను పురిటి కాయితం రాయించీసినాను!” అని లెంపలేసుకుని, రాతికి దండం పెట్టి, మళ్ళీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

హైమావతికి మాత్రం నవ్వు రాలేదు. “నువ్వు రాయించిన ఆ అబద్ధం వల్లే ఇది నిలబడుంది సన్యాసమ్మా. నేను జీవితమంతా రాసిన నిజాలు దీన్ని కాపాడలేకపోయాయి. బీరువాల్లో ఉన్నవాటిని కూడా నేను కాపాడుకోలేకపోయాను.” ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

సన్యాసమ్మ నవ్వాపేసింది. ఆవిడ భుజాన ఉన్న సంచి తీసి తన నెత్తినెట్టుకుంది. “ఏడవకమ్మా. అబద్దం ఎన్నాళ్ళు కాస్తాది? పిల్ల మేజరైపోతే గవరయ్య కాపోతే ఇంకో గవరయ్యొస్తాడు. ఈలోగా నువ్వు ఈ రాళ్ళట్టుకెళ్ళి సరిగ్గా లెక్కెట్టీ. ఆ నిజం కాయితం మీదెక్కించీ. పద్దెనిమిదేళ్ళు టయిముంది నీకు” అని బస్సు కోసం ముందు నడిచింది.